బ్యాంకాక్‌లో మొదటి రోజు: తెల్లారి దిగినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా ఏం చేయాలి?

"పొద్దున్నే ఆరింటికి దిగుతాం. హోటల్‌వాళ్లు రూమ్ రెండింటికి ఇస్తామంటున్నారు. అప్పటిదాకా పిల్లల్నీ సూట్‌కేసుల్నీ వెంటేసుకుని ఎక్కడ తిరగాలి?" బ్యాంకాక్ టికెట్లు తీసుకున్నవాళ్లు ముందుగా అడిగేది దాదాపు ఎప్పుడూ ఇదే. దాని వెనకే మిగతావి వస్తాయి. ఎయిర్‌పోర్ట్ నుంచి ట్యాక్సీయా, ట్రైనా? డబ్బు ఎక్కడ మార్చాలి? శాకాహారం దొరుకుతుందా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే మొదటి రోజు మొత్తాన్నీ వరసగా రాస్తే అందరికీ పనికొస్తుంది.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా వెళ్తే సుమారు మూడున్నర గంటలు. అక్కడి టైమ్ మనకంటే గంటన్నర ముందు. అర్ధరాత్రి అటూఇటూగా బయల్దేరే ఫ్లైట్ ఎక్కితే కళ్లు మూసి తెరిచేలోపు అక్కడ తెల్లవారిపోతుంది. నిద్రలేక, చేతిలో అక్కడి డబ్బు లేక, ఫోన్‌లో నెట్ లేక రోడ్డెక్కితే ఎంత మంచి ఊరైనా ఉక్కపోత, ట్రాఫిక్, మోసగాళ్లుగానే కనిపిస్తుంది. ఆ అభిప్రాయం మిగతా రోజుల్లో కూడా అంత తేలిగ్గా పోదు. అందుకే గట్టిగా చెబుతున్నాను: మొదటి రోజు టికెట్ కొని చూసే చోటు ఒక్కటి కూడా పెట్టుకోకండి. ఆ రోజంతా ఊరికి అలవాటు పడటానికి ఇచ్చేయండి.

కింద రాసినదంతా సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్‌లో దిగేవాళ్ల కోసం. బ్యాంకాక్‌లోనే ఉన్న ఇంకో ఎయిర్‌పోర్ట్ డాన్ మువాంగ్‌లో దిగేవాళ్లకు ఐదో మెట్టులో విడిగా రాశాను.

ఏమేం కావాలి

- కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్ట్, తిరుగు టికెట్, హోటల్ బుకింగ్. ఈ మూడూ ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద కూడా ఉండాలి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయేది సరిగ్గా ఇమిగ్రేషన్ క్యూలోనే.
- హోటల్ పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ థాయ్ లిపిలో. హోటల్‌కి మెయిల్ పెడితే పంపిస్తారు. లేదా మ్యాప్‌లో హోటల్ పేజీని స్క్రీన్‌షాట్ తీసుకోండి.
- డబ్బు: ఇక్కడే మార్చుకున్న కొన్ని బాత్‌లు (థాయ్ కరెన్సీ), మిగతాది డాలర్లు. డాలర్ నోట్ల మీద రాతలు, చిరుగులు, మడతలు ఉండకూడదు. 100 డాలర్ల నోటుకి చిన్న నోట్లకంటే మంచి రేటు వస్తుంది. రూపాయలు పట్టుకెళ్లి అక్కడ మార్చుకుందాం అనుకోకండి, రేటులో బాగా నష్టపోతారు.
- విదేశీ వాడకం ఆన్ చేసిన ఒక కార్డు. బ్యాంక్ యాప్‌లో ఈ స్విచ్ విడిగా ఉంటుంది. ట్యాప్ చేసి చెల్లించే సౌకర్యానికి ఇంకో స్విచ్ ఉంటుంది, రెండూ చూసుకోండి.
- చార్జర్: మన సన్నటి రెండు పిన్నుల ప్లగ్గు అక్కడ పడుతుంది. లావు మూడు పిన్నులది పట్టదు. లాప్‌టాప్ ఉంటే అడాప్టర్ తప్పనిసరి.
- హ్యాండ్ బ్యాగులో ఒక జత పల్చటి నూలు బట్టలు, సులువుగా విడిచే చెప్పులు, మడత గొడుగు, ఒక సన్న శాలువా. శాలువా ఎందుకంటే బయట ఎంత ఉక్కపోతో మాల్స్‌లో, రైళ్లలో ఏసీ అంత చలి.
- పచ్చళ్లు, పొడులు చెక్-ఇన్ బ్యాగులో సర్దండి. మందులుంటే చీటీతో పాటు హ్యాండ్ బ్యాగులో ఉండాలి.

ఈ-సిగరెట్లు, వేప్‌లు మాత్రం ఎవరి బ్యాగులోనూ ఉండకూడదు. థాయ్‌లాండ్‌లోకి వాటిని తీసుకెళ్లడం నేరం. ఇంట్లో కుర్రాళ్లుంటే బయల్దేరేముందే అడిగి చూడండి.

1. బుకింగ్ రోజే మొదటి రోజు సంగతి తేల్చండి

ముందు తేదీ సరిచూసుకోండి. టికెట్ మీద 10వ తేదీ 00.40 అని ఉంటే మీరు ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాల్సింది 9వ తేదీ రాత్రి. దీన్ని 10వ తేదీ రాత్రి అనుకుని ఫ్లైట్ పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. ఫ్లైట్ 10న రాత్రి 11.50కి అయితే దిగేది 11న, కాబట్టి హోటల్ 11 నుంచి చాలు. టికెట్‌నీ హోటల్ బుకింగ్‌నీ పక్కపక్కన పెట్టి ఒకరు పైకి చదవండి, ఇంకొకరు వినండి.

హోటల్ ఎక్కడన్నది ధర కంటే ముఖ్యం. బీటీఎస్ స్కైట్రైన్ లేదా ఎంఆర్‌టీ మెట్రో స్టేషన్ నుంచి పది నిమిషాల నడకలో ఉండాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఫయా థాయ్, అశోక్, నానా, సాలా డేంగ్ స్టేషన్ల చుట్టుపక్కల తేలిక. రెండు వందల బాత్‌లు తక్కువని స్టేషన్‌కి దూరంగా తీసుకుంటే ఆ మిగిలింది ట్యాక్సీలకే పోతుంది.

హోటల్‌కి మెయిల్‌లో రెండు ప్రశ్నలు అడగండి. ముందుగా రూమ్ ఇవ్వగలరా? ఇవ్వలేకపోతే సామాను పెట్టుకుని, స్నానానికి చోటు చూపిస్తారా? సామాను దాదాపు అందరూ పెట్టుకుంటారు. స్నానానికి కొన్నిచోట్ల స్విమ్మింగ్ పూల్ పక్కనున్న షవర్ వాడుకోనిస్తారు. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే మాత్రం ముందు రాత్రి నుంచే రూమ్ తీసుకోండి. ఒక రోజు అద్దె అదనం, కానీ దిగగానే మంచం దొరుకుతుంది. అప్పుడు తెల్లారి వస్తామని హోటల్‌కి రాసి ఒప్పించుకోవాలి. లేకపోతే రాత్రి రాలేదని బుకింగ్ రద్దు చేసే ప్రమాదముంది.

2. డిజిటల్ అరైవల్ కార్డ్ నింపండి

2025 మే 1 నుంచి థాయ్‌లాండ్‌కి వెళ్లే ప్రతి విదేశీయుడూ టీడీఏసీ అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి. దిగే రోజుకి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు. పిల్లలకి కూడా కావాలి. దీనికి పైసా కట్టక్కర్లేదు. డబ్బులడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి. అసలు సైట్ థాయ్ ఇమిగ్రేషన్‌ది, దాని చిరునామా చివర గో డాట్ టీహెచ్ (go.th) అని ఉంటుంది.

ఎక్కువ తప్పులు జరిగేది పేరు దగ్గర. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి కొందరికి ఖాళీగా ఉంటుంది, కొందరికి ఇంటిపేరు, అసలు పేరు తారుమారుగా ఉంటాయి. ఇంట్లో ఎలా పిలుస్తారన్నది వదిలేసి పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అలాగే దించండి. ఇంటిపేరు ఖాళీ అయితే ఫారంలో ఆ గడి దగ్గరే ఏం రాయాలో సూచన ఉంటుంది, చదివి నింపండి.

సరిగ్గా అయిందని ఎలా తెలుస్తుంది? మెయిల్‌కి క్యూఆర్ కోడ్‌తో కాపీ వస్తుంది. అందులో పాస్‌పోర్ట్ నంబర్‌ని అంకె అంకె చూసి స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఇక వీసా. 2024 జూలై నుంచి మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లని టూరిజం కోసం 60 రోజుల దాకా వీసా లేకుండా రానిచ్చే ఏర్పాటు వచ్చింది. ఇలాంటి నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఒకసారి, బయల్దేరే వారంలో ఒకసారి థాయ్ ఎంబసీ సైట్ చూడండి. ఎవరో రెండేళ్ల కిందట తీసిన వీడియో నమ్మొద్దు.

3. ఇమిగ్రేషన్

విమానం దిగాక బాగా నడవాలి. కౌంటర్ దగ్గర ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటారు అని అడిగితే రెండు ముక్కల్లో చెప్పండి, హోటల్ కాగితం చూపండి. ఖర్చులకి సరిపడా డబ్బు చూపమని కూడా అడగొచ్చు కాబట్టి పర్సు చెక్-ఇన్ బ్యాగులో పడేయకండి.

పాస్‌పోర్ట్ చేతికి రాగానే రెండడుగులు పక్కకి జరిగి స్టాంపు చూడండి. ఏ తేదీ దాకా ఉండొచ్చో దాని మీద ఉంటుంది. తప్పు కనిపిస్తే అక్కడే అడగాలి. కుటుంబంలో అందరి స్టాంపులూ చూడండి.

4. ఎయిర్‌పోర్ట్‌లో కాసేపు ఆగండి

లగేజీ రాగానే బయటికి పరిగెత్తాలనిపిస్తుంది. వద్దు. ఊళ్లో ఆఫీసుల రద్దీ ఏడు నుంచి తొమ్మిది దాకా ఉంటుంది. ఏడులోపు బయటపడలేకపోతే తొమ్మిదిదాకా ఎయిర్‌పోర్ట్‌లోనే కుదురుగా పనులు చక్కబెట్టుకోండి. సూట్‌కేసుతో రద్దీ రైలెక్కినా, ట్యాక్సీలో ఇరుక్కున్నా మొదటి గంటలోనే ఓపికంతా అయిపోతుంది.

ముందు ముఖం కడుక్కుని నూలు బట్టల్లోకి మారండి. బాత్రూమ్‌లలో మనకి అలవాటైన జెట్ స్ప్రే ఉంటుంది, ఆ బెంగ అక్కర్లేదు.

తర్వాత డబ్బు. అరైవల్స్ రెండో అంతస్తులో ఉంటుంది. అక్కడి బ్యాంకు కౌంటర్లకంటే కింద బేస్‌మెంట్‌లో, రైల్వే స్టేషన్ పక్కనున్న ఎక్స్‌ఛేంజ్ కౌంటర్లలో రేటు సాధారణంగా బాగుంటుంది. లిఫ్ట్ దిగితే సూపర్ రిచ్ లాంటి బోర్డులు వరసగా కనిపిస్తాయి. ఇచ్చిన డబ్బు కౌంటర్ ముందు నిలబడే లెక్కపెట్టుకోండి. 20 ఆకుపచ్చ, 50 నీలం, 100 ఎరుపు, 500 ఊదా, 1000 గోధుమ రంగు. ఎరుపు, ఊదా నోట్లని చీకట్లో ఒకదాన్ని ఇంకోటనుకోవడం తేలిక, పగలే ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి.

ఏటీఎం వాడితే విదేశీ కార్డుకి ప్రతిసారీ 220 బాత్‌లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ పడుతుంది. కాబట్టి కొంచెం కొంచెంగా కాకుండా ఒకేసారి తీయండి. స్క్రీన్ మీద రూపాయల్లో లెక్కకట్టి ఒప్పుకుంటారా అని అడుగుతుంది. ఒప్పుకోకండి, బాత్‌లలోనే తీసుకోండి. ఒప్పుకుంటే మెషీన్‌వాళ్లు వేసే రేటు మీ బ్యాంకు రేటు కంటే అధ్వాన్నంగా ఉంటుంది.

తర్వాత సిమ్. ఏఐఎస్, ట్రూ కంపెనీల కౌంటర్లు అరైవల్స్‌లోనే ఉంటాయి. పాస్‌పోర్ట్ చూపించాలి. ఫోన్‌లో ఈ-సిమ్ పనిచేస్తే ఇంటి దగ్గరే కొనుక్కుని రావచ్చు, క్యూ తప్పుతుంది. మన సిమ్‌ని మాత్రం తీసి ఎక్కడో పడేయకండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. నెట్ వచ్చిందని ఊరికే గుర్తు చూసి సంతోషపడొద్దు. కౌంటర్ ముందే మ్యాప్ తెరిచి హోటల్‌కి దారి వెతకండి, ఇంటికి ఒక వాట్సాప్ కాల్ చేయండి. రెండూ పనిచేస్తేనే కదలండి.

ఆకలేస్తే ఒకటో అంతస్తు చివర మ్యాజిక్ ఫుడ్ పాయింట్ అనే ఫుడ్ కోర్ట్ ఉంది. ఎయిర్‌పోర్ట్ సిబ్బంది కూడా అక్కడే తింటారు, పై అంతస్తుల్లోని రెస్టారెంట్లకంటే చాలా చవక.

5. ఊళ్లోకి వెళ్లడం

ఒకరో ఇద్దరో, తలా ఒక పెట్టె అయితే రైలు. నలుగురు, పెద్ద పెట్టెలు, పెద్దవాళ్లు ఉంటే ట్యాక్సీ. ఈ విషయంలో ఇంతకంటే ఆలోచించక్కర్లేదు.

రైలు: బేస్‌మెంట్‌లో ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్. చివరి స్టేషన్ ఫయా థాయ్ దాకా 45 బాత్‌లు, అరగంట లోపే. టికెట్‌గా ప్లాస్టిక్ టోకెన్ ఇస్తుంది. దాన్ని లోపలికి వెళ్లేటప్పుడు తాకించి, బయటికొచ్చేటప్పుడు గేటులో వేయాలి. ఫయా థాయ్‌లో దిగి బీటీఎస్ ఎక్కొచ్చు. అశోక్ వైపు వెళ్లేవాళ్లు మక్కసాన్‌లో దిగి, వంతెన మీదుగా నడిచి పెచ్చబురి ఎంఆర్‌టీ అందుకోవచ్చు. చాలామంది గేటు దగ్గర ఆగిపోయేది ఇక్కడే: రైల్ లింక్, బీటీఎస్, ఎంఆర్‌టీ వేర్వేరు వ్యవస్థలు. ఒకదాని టికెట్ ఇంకోదాంట్లో పనిచేయదు. ప్రతిచోటా కొత్త టికెట్ తీసుకోవాలి. ఎంఆర్‌టీ గేట్లలో వీసా, మాస్టర్‌కార్డ్ ట్యాప్ చేసి వెళ్లొచ్చు, మనిషికో కార్డు ఉండాలి.

ట్యాక్సీ: ఒకటో అంతస్తుకి దిగి బయటికొస్తే మెషీన్లు ఉంటాయి. బటన్ నొక్కితే చీటీ వస్తుంది, దాని మీద లైన్ నంబర్ ఉంటుంది. ఆ నంబర్ కింద నిలబడిన బండే మీది. చీటీ డ్రైవర్‌కి ఇవ్వకండి, ఫిర్యాదు చేయాల్సొస్తే అదే ఆధారం. మీటర్ 35 బాత్‌ల దగ్గర మొదలవ్వాలి. దిగేటప్పుడు మీటర్ మీద 50 బాత్‌లు ఎయిర్‌పోర్ట్ ఛార్జీ ఇవ్వాలి, దారిలో టోల్ గేట్లు మీరే కట్టాలి. ఈ రెండూ మోసం కాదు, గొడవపడకండి. "ఆరు వందలు, ఫిక్స్‌డ్" అంటే నవ్వుతూనే "మీటర్" అనండి. ఒప్పుకోకపోతే దిగి ఇంకో చీటీ తీసుకోండి. 1000 నోటుకి చిల్లర ఉండకపోవచ్చు, ఎయిర్‌పోర్ట్‌లోనే నీళ్ల బాటిల్ కొని విడిపించుకోండి.

గ్రాబ్, బోల్ట్ అనే ట్యాక్సీ యాప్‌లు కూడా పనిచేస్తాయి. బేరం, దారి చెప్పడం అక్కర్లేదు. బండి నంబర్ సరిచూసుకుని ఎక్కాలి. అరైవల్స్ హాల్లో "ట్యాక్సీ సర్, ట్యాక్సీ మేడమ్" అని వెంటపడేవాళ్లతో మాత్రం వెళ్లకండి.

డాన్ మువాంగ్‌లో దిగితే రెడ్ లైన్ రైలెక్కి క్రుంగ్ థెప్ అభివట్ స్టేషన్‌లో ఎంఆర్‌టీకి మారొచ్చు. లేదా ఏ1 బస్సు 30 బాత్‌లతో మో చిట్ బీటీఎస్ దగ్గర దింపుతుంది.

6. హోటల్‌లో సామాను పెట్టి, చేతులూపుకుంటూ బయటికి

సామాను రశీదు తీసుకోండి. పాస్‌పోర్ట్, డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. రిసెప్షన్‌లో హోటల్ కార్డు అడిగి కుటుంబంలో ప్రతి ఒక్కరి జేబులో ఒకటి పెట్టండి, పిల్లల జేబులో కూడా. కొన్ని హోటళ్లు డిపాజిట్ తీసుకుంటాయి. దానికి కూడా రశీదు అడగండి. సామాను ఉంచడానికి హోటల్‌వాళ్లు ఒప్పుకోకపోతే కొన్ని మెట్రో స్టేషన్లలో, మాల్స్‌లో లాకర్లు దొరుకుతాయి.

7. హోటల్ ఉన్న సందులోనే ఒక గంట నడవండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. నా దృష్టిలో మొత్తం రోజులో అసలైనది ఇదే.

తలుపు తెరవగానే తడి వేడి మొహానికి తగులుతుంది. కళ్లజోడు మీద ఆవిరి పడుతుంది. ఫుట్‌పాత్ మీద బొగ్గు పొయ్యి పెట్టి పుల్లలకి గుచ్చిన పంది మాంసం కాలుస్తుంటారు. ఆ పొగ, చేపల సాస్ వాసన, మురుగు కాలువ వాసన, పూలదండలమ్మే బల్ల మీది మల్లెల వాసన అన్నీ పది అడుగుల్లోనే వస్తాయి. మొదటి పది నిమిషాలు కడుపులో తిప్పినట్టుంటే గాభరా పడకండి, ఏసీ ఉన్న సెవెన్ ఇలెవెన్ దుకాణంలోకి వెళ్లి నీళ్లు కొనుక్కుని రెండు నిమిషాలు నిలబడి మళ్లీ రండి. ప్రతి సందుకీ ఒకటి ఉంటుంది.

కొంచెం కుదుటపడ్డాక గమనించండి. ఇంత ట్రాఫిక్‌లో హారన్ మోత దాదాపు లేదు. దుకాణాల ముందు, పెద్ద భవనాల మూలల్లో స్తంభం మీద చిన్న గుడి లాంటిది ఉంటుంది. స్థలాన్ని కాపాడే దేవతకి కట్టినది. దాని ముందు అగరొత్తులు, పూలు, స్ట్రా వేసి మూత తీసిన ఎర్ర ఫాంటా సీసా కనిపిస్తాయి. ఫొటో తీయొచ్చు, ముట్టుకోవద్దు. నారింజ రంగు జాకెట్లు వేసుకుని మూల మీద కూర్చున్నవాళ్లు బైక్ ట్యాక్సీవాళ్లు. ఆ బైకులు ఫుట్‌పాత్ మీదికి కూడా వస్తాయి, పిల్లల్ని గోడ వైపు నడిపించండి.

రోడ్డు దాటడం: బండ్లు మనలాగే ఎడమ పక్కనే వెళ్తాయి కాబట్టి ముందు చూడాల్సింది కుడివైపు. జీబ్రా గీతలు చూసి బండ్లు ఆగుతాయని నమ్మకండి. సిగ్నల్ బటన్ ఉంటే నొక్కి ఆగండి, లేకపోతే స్థానికులతో కలిసి దాటండి. పెద్ద రోడ్లకి పై వంతెనలు, బీటీఎస్ స్టేషన్ మెట్లే మేలు.

అడ్రస్ చదవడం ఇప్పుడే నేర్చుకోండి. పెద్ద రోడ్డుని థనోన్ అంటారు, దాని నుంచి చీలే సందుని సోయ్ అంటారు. సోయ్‌లకి నంబర్లుంటాయి. సుఖుమ్విత్ రోడ్డులో బేసి నంబర్లు ఒక పక్క, సరి నంబర్లు ఇంకో పక్క. కానీ ఎదురెదురు నంబర్లు కలవవు: 55వ సోయ్‌కి ఎదురుగా ఉండేది 38. "38 దగ్గరున్నాం, 39 పక్కనే ఉంటుంది" అని బయల్దేరితే చాలా దూరం నడవాల్సొస్తుంది.

పని అయిందో లేదో తెలుసుకోవాలంటే, తిరిగి వచ్చేటప్పుడు ఫోన్ జేబులో పెట్టి హోటల్‌కి నడవండి. దారిలో మూడు గుర్తులు మీకై మీరు పట్టగలిగితే ఆ సందు మీ చేతికొచ్చినట్టే. రాత్రి ఫోన్ ఆగిపోయినా టెన్షన్ పడరు.

8. మొదటి భోజనం

శాకాహారులు ఒకటి గట్టిగా గుర్తుంచుకోవాలి. అక్కడ "వెజిటబుల్" అంటే కూరగాయలున్న వంటకం అని అర్థం చేసుకోవచ్చు. అందులో చేపల సాస్, ఆయిస్టర్ సాస్, రొయ్యల ముద్ద ఉండొచ్చు. బొప్పాయి సలాడ్ చూడ్డానికి పచ్చి కూరలాగే ఉంటుంది, అందులో ఎండురొయ్యలు దంచి వేస్తారు. మీరు అనాల్సిన మాట "జే". పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలతో ఈ గుర్తున్న బండి దగ్గర మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. మామూలు చోట "మై సై నామ్ ప్లా" అంటే చేపల సాస్ వేయొద్దని. చివర మగవాళ్లు "ఖ్రప్", ఆడవాళ్లు "ఖా" కలిపితే మర్యాద. పలుకుబడి తేడా వస్తే అర్థం మారిపోతుంది కాబట్టి ఇదే మాట థాయ్‌లో రాసి ఉన్న స్క్రీన్‌షాట్ చూపించడం నయం.

మాంసాహారులు "ము" అంటే పంది, "నువా" అంటే గొడ్డు మాంసం అని తెలుసుకుంటే చాలు. అక్కర్లేనిది తప్పించుకోవచ్చు.

కారం విషయంలో మనవాళ్లకి ధీమా ఎక్కువ. మన కూరల్లో కారం నూనెలో మగ్గి వస్తుంది. అక్కడ చాలా వంటకాల్లో పచ్చి చిట్టి మిరపకాయలు నిమ్మరసంతో నేరుగా దంచుతారు. నిద్రలేని కడుపుకి మొదటి రోజు "మై ఫెట్", కారం వద్దు అనండి. రేపు పెంచుకోవచ్చు.

తొలి భోజనానికి బండి దగ్గర ధైర్యం చాలకపోతే మాల్‌లో ఫుడ్ కోర్ట్‌కి వెళ్లండి. అశోక్‌లో టర్మినల్ 21 పైన ఉన్నది చవక, ధరలు రాసి ఉంటాయి, ముందు కార్డులో డబ్బు వేయించుకుని తినాలి, మిగిలింది అదే రోజు వెనక్కి తీసుకోండి. మన తిండే కావాలంటే నానా చుట్టుపక్కల సోయ్‌లలో, పాహురత్‌లో, సీలోమ్‌లో మారియమ్మన్ గుడి దగ్గర దొరుకుతుంది. పంపు నీళ్లు తాగొద్దు, బాటిల్ నీళ్లే.

9. మధ్యాహ్నం నిద్ర

రూమ్ రాగానే స్నానం చేసి పడుకోండి, కానీ రెండు గంటల తర్వాత మోగేలా అలారం పెట్టండి. సాయంత్రం ఏడుదాకా పడుకుంటే రాత్రి మూడింటికి మెలకువొస్తుంది, రెండో రోజు కూడా పాడవుతుంది.

10. సాయంత్రం లుంపినీ పార్క్

ఐదింటికి బీటీఎస్‌లో సాలా డేంగ్‌కి, లేదా ఎంఆర్‌టీలో సీలోమ్‌కి వెళ్లండి. ఇదే మీ రైలు ప్రాక్టీస్. రెండు బీటీఎస్ లైన్లు కలిసేది సియామ్ స్టేషన్‌లో, మన అమీర్‌పేట్ లాంటిదన్నమాట. ప్లాట్‌ఫారమ్ మీద గీతల వెంట నిలబడతారు, దిగేవాళ్లు దిగాకే ఎక్కుతారు. బోగీలో గొంతు తగ్గించండి, వీడియో సౌండ్ ఆపండి. అంతమంది ఉన్నా అంత నిశ్శబ్దం ఏమిటా అని మొదటిసారి అందరికీ ఆశ్చర్యమే.

పార్కులో చెరువు పక్కన నిలువెత్తు ఉడుముల్లాంటి నీటి బల్లులు తిరుగుతుంటాయి. వాటి జోలికి వెళ్లకపోతే అవీ రావు. జాగింగ్ చేసేవాళ్లు, పాట పెట్టుకుని గుంపుగా ఏరోబిక్స్ చేసేవాళ్లు ఉంటారు. సరిగ్గా ఆరింటికి స్పీకర్లలో జాతీయ గీతం వస్తుంది. పరుగెత్తేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. చెమట కారుతున్నా ఎవరూ తుడుచుకోరు. పాట అయిపోగానే ఆగిన చోటి నుంచే పరుగు మొదలవుతుంది. మీరు కూడా కదలకుండా నిలబడండి, పిల్లలకి ముందే చెప్పండి. పొద్దున ఎనిమిదింటికి కూడా ఇలాగే, రైల్వే స్టేషన్లలో సైతం.

వాన పడితే, జూన్ నుంచి అక్టోబర్ దాకా సాయంత్రాలు పడుతూనే ఉంటుంది, పార్కు మానేసి సియామ్ నుంచి చిట్ లోమ్ దాకా రైలు పట్టాల కిందుగా వెళ్లే స్కైవాక్ మీద నడవండి. చివర కింద ఎరవాన్ గుడి కనిపిస్తుంది. 1956లో నెలకొల్పిన ఈ గుడిలో ఉన్నది నాలుగు ముఖాల బ్రహ్మ. మనకి బ్రహ్మ గుడులు అరుదు కదా, అక్కడ నడిరోడ్డు పక్కన రోజంతా దండలు పడుతూనే ఉంటాయి.

మొదటి రోజు ఎక్కువగా జరిగే తప్పులు

ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా పట్టాయాకో, సఫారీకో తీసుకెళ్లే ప్యాకేజీ ఒప్పుకోవడం. డబ్బు కలిసొచ్చినట్టు ఉంటుంది, సగం రోజు పిల్లలు బస్సులో నిద్రపోతారు. ఏజెంట్‌ని అడిగితే దాన్ని మూడో రోజుకి మారుస్తారు, అడగండి.

టుక్‌టుక్ అతను "ఈ రోజు గుడి మూసేశారు, నేను వేరే గుడికి తీసుకెళ్తా, ఇరవై బాత్‌లే" అంటే నమ్మడం. ఆ దారి రత్నాల దుకాణానికో, సూట్లు కుట్టే షాపుకో పోతుంది. మూసేశారో లేదో గేటు దాకా వెళ్లి చూసుకోండి.

రాజు ఫొటో గురించి జోకులు, నోటు ఎగిరిపోతుంటే కాలితో తొక్కి ఆపడం. రాజకుటుంబాన్ని అవమానించడం అక్కడ జైలు శిక్ష పడే నేరం, నోటు మీద రాజు బొమ్మ ఉంటుంది. పిల్లలు ముద్దొచ్చినా తల మీద చెయ్యి వేయొద్దు. ఆడవాళ్లు బౌద్ధ భిక్షువులకి తగలకుండా పక్కకి జరగాలి.

డురియన్ పండు కొనుక్కుని రూమ్‌కి తీసుకురావడం. వాసన వల్ల చాలా హోటళ్లు ఒప్పుకోవు, జరిమానా వేస్తాయి. బండి దగ్గరే తినేయండి.

పడుకునే ముందు సరిచూసుకోండి

ఇంట్లోవాళ్లందరూ కూర్చుని ఒకరినొకరు అడగండి. హోటల్‌కి దగ్గర స్టేషన్ పేరేంటి? మనది ఏ సోయ్? ట్యాక్సీ మీటర్ ఎంత దగ్గర మొదలవుతుంది? తిండిలో వద్దన్నది ఎలా చెప్పాలి? తప్పిపోతే ఎక్కడ ఆగాలి? పదేళ్లు దాటిన పిల్లలు కూడా జవాబులు చెప్పగలగాలి. చెప్పలేకపోతే రేపు పొద్దున మళ్లీ అదే సందులో అరగంట నడవండి.

ఫోన్‌లో ఈ నంబర్లు దాచుకోండి: టూరిస్ట్ పోలీస్ 1155, పోలీస్ 191, అంబులెన్స్ 1669. మన ఎంబసీ సుఖుమ్విత్ 23వ సోయ్‌లో ఉంది.

రెండో రోజు గ్రాండ్ ప్యాలెస్‌తో మొదలుపెట్టండి. పొద్దున 8.30కి తెరుస్తారు, టికెట్ 500 బాత్‌లు, 3.30 తర్వాత లోపలికి వదలరు. ఎంఆర్‌టీలో సనామ్ చాయ్ స్టేషన్‌లో దిగి నడవొచ్చు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి, షార్ట్స్‌తో వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. లోపల పచ్చ బుద్ధుడి గుడి చుట్టూ ప్రాకారం గోడల మీద థాయ్ రామాయణం 178 ఘట్టాలుగా చిత్రించి ఉంటుంది. మొదటి చిత్రం ఉత్తర ద్వారం దగ్గర, గడియారం ముల్లు తిరిగే దిశలో నడిస్తే కథ వరసగా వస్తుంది. హనుమంతుణ్ని పిల్లలే ముందు గుర్తుపడతారు. ఎండ ముదరకముందే అది చూడాలంటే ఎనిమిదికల్లా స్టేషన్‌లో ఉండండి.